అలిపిరి మెట్లు ఈ రోజు ఎట్లున్నాయి?

(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థి, ఇంజనీరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఇంజనీరింగ్ గురించి మాట్లాడమన్నారు. వంతెనల గురించి మొదలుపెడితే మీరు నిద్రపోతారు. అందుకని మనందరి కాళ్లకూ తెలిసిన విషయమే ఎంచుకున్నాను. అలిపిరి నడకదారి వానల్లో, చలికాలంలో పూటకొక తీరుగా ఎందుకుంటుంది, ఎక్కబోయే మనిషికి ఆ సంగతి ముందే ఎట్లా చెప్పగలం అన్నదే ఈ మాట.

3,550 మెట్లు, దాదాపు తొమ్మిది కిలోమీటర్లు. మనం ఒకే దారి అనుకుంటాం గానీ కాలికి అది నాలుగైదు దారులు. పాదాల మండపం నుంచి గాలిగోపురం దాకా నిటారు మెట్లు. సగానికి పైగా మెట్లు అక్కడికే అయిపోతాయి. తర్వాత జింకల పార్కు మీదుగా చాలావరకు చదును బాట. ఏడో మైలు ఆంజనేయస్వామి దగ్గర ఘాట్ రోడ్డు పక్కకు వస్తాం. నరసింహస్వామి గుడి దాటి అడవి పక్కగా నడిచి, ఒంట్లో సత్తువ అయిపోయే వేళకు మోకాళ్ల మెట్టు ఎదురవుతుంది. తిరుపతి సముద్రమట్టానికి 160 మీటర్ల ఎత్తులో ఉంటే తిరుమల 850 దాకా ఉంటుంది. అంత ఎత్తుకు మామూలుగా నాలుగైదు డిగ్రీల చలి తేడా వస్తుంది. కింద చొక్కా తడిసే ఉక్క, పైన శాలువా కప్పుకునే చలి, మధ్యలో ఎక్కడో మేఘం. కింద ఎండ చూసి బయల్దేరినవాడు గాలిగోపురం దాటగానే మబ్బులోకి దూరడం మనకు కొత్త కాదు.

మన వైపు పెద్ద వానలు జూన్‌లో రావు. ఈశాన్య రుతుపవనం పట్టాక, అక్టోబరు నడిమి నుంచి డిసెంబరు దాకా, బంగాళాఖాతంలో వాయుగుండం లేచినప్పుడల్లా వస్తాయి. ఆ తేమగాలి వచ్చి శేషాచలానికి తగిలి పైకి లేస్తుంది, చల్లబడుతుంది, కురుస్తుంది. కపిలతీర్థం జలపాతం ఉరకడం చూసి పైన ఎంత పడిందో అంచనా కట్టేవాళ్లం చిన్నప్పుడు. ధనుర్మాసం వచ్చేసరికి వాన తగ్గి మంచు మొదలవుతుంది. మన తెలుగులో ఆకు మీద పడేదీ, గాలిలో తేలేదీ, హిమాలయాల మీద పేరుకునేదీ అన్నీ మంచే. నేను చెప్పేది మొదటి రెండింటి గురించి. వాన చుక్క లేకపోయినా తెల్లవారుజామున రాయి తడిగా ఉండేది దానివల్లే.

ఇప్పుడు జారడం సంగతి. జోరు వానలో మెట్టు మరీ ప్రమాదం కాదు. నీళ్లు మెట్టును కడిగేస్తాయి, మనిషి కూడా భయపడి నెమ్మదిగా నడుస్తాడు. చిక్కంతా తుంపరలో, వాన వెలిసిన తర్వాత గంటా రెండు గంటల్లో. మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి ఎక్కే మొక్కు మనకుంది. ఎండలో అది పొడి. తుంపర పడితే సన్నటి ముద్ద అవుతుంది. చెట్ల నీడ ఆరని చోట పాచి దానికి తోడు. పైకప్పు ఉంది కదా అంటారు. కప్పు మంచిదే, కానీ దాని అంచు నుంచి కారే చుక్కలు ఎప్పుడూ ఒకే చోట పడతాయి. మెట్టు నడుమ ఆరి, అంచు తడిగా ఉంటుంది. పట్టుకోవడానికి మనం పోయేది ఆ అంచుకే.

ఎక్కేటప్పుడు ఒంటి బరువు ముందుకు ఉంటుంది, కాలు జారినా చెయ్యి ఆనుతుంది. దిగేటప్పుడు మడమ ముందు పడుతుంది, బరువు వెనక ఉంటుంది. మా పెద్దమ్మ 1996 డిసెంబరులో మొక్కు తీర్చుకుని నడిచే దిగుతూ మోకాళ్ల మెట్టు దగ్గర జారింది. అప్పుడు వాన లేదు, చక్కటి ఎండ. తుంటి ఎముక విరిగింది. తర్వాత పద్నాలుగేళ్లు బతికింది గానీ మళ్లీ కొండ నడవలేదు. గాలిగోపురం మీద నామం దీపాలు ఇంటి మేడ మీద నుంచి చూసి దండం పెట్టుకునేది.

మెట్లు ఊడ్చే ఒకామెను నేను అడిగాను, ఎప్పుడు ఎక్కువ పడతారమ్మా అని. “వాన పడేటప్పుడు పడరు సామీ, ఎండ కొట్టినాకే పడతారు” అంది. నేను రాసుకున్న లెక్కలన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి.

రాళ్ల సంగతి కూడా ఇట్లాంటిదే. మన మాస్టారు తొమ్మిదో తరగతిలో ఘాట్ రోడ్డు పక్కన చూపించారు, కింద గ్రానైట్, పైన క్వార్ట్‌జైట్, రెండింటి నడుమ దాదాపు ఎనభై కోట్ల ఏళ్ల ఎడం. జియలాజికల్ సర్వే వాళ్లు దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించారు. పైనున్న క్వార్ట్‌జైట్ గట్టిదే గానీ నిలువు పగుళ్లు ఎక్కువ. నీరు ఆ పగుళ్లలో దిగి, లోపలి మట్టిని కడిగి, నింపాదిగా పని చేస్తుంది. 2021 నవంబరు 18న తిరుపతిని ముంచిన వాన మీకు గుర్తుండే ఉంటుంది. శ్రీవారి మెట్టు దారి అప్పుడు దెబ్బతిని, మళ్లీ తెరిచేసరికి 2022 మే వచ్చింది. ఎక్కే ఘాట్ రోడ్డు మీద పెద్ద బండ పడింది మాత్రం డిసెంబరు 1 తెల్లవారుజామున. మధ్యలో వానలు మళ్లీ పడ్డాయి, నిజమే. అయినా వాన తేదీ, బండ తేదీ ఒకటి కావని గుర్తుపెట్టుకోవాలి.

పెద్ద వానకు దేవస్థానం వాళ్లు నడకదారి మూసేస్తారు. మూసిన రోజున ఎవరికీ సందేహం ఉండదు. నా దిగులు తెరిచి ఉన్న రోజుల గురించే. 2023 ఆగస్టులో చిరుత ఒక పాపను పొట్టన పెట్టుకున్నాక, పిల్లలతో వచ్చేవాళ్లను మధ్యాహ్నం రెండు దాకానే పంపుతామన్నారు. అది సరైన పనే. కానీ దాంతో పిల్లలున్నవాళ్లు తెల్లవారగానే, మెట్లు ఆరకముందే ఎక్కడం మొదలైంది.

దీనికి నాకు దొరికిన ఉపాయం చాలా దూరం నుంచి వచ్చింది. ఉద్యోగం మీద రెండు చలికాలాలు నార్వేలో ఉన్నాను. ఓస్లో నగరాన్ని ఆనుకుని నూర్‌మార్కా అనే అడవి ఉంది, మనకు శేషాచలం ఉన్నట్టే. జనం కాళ్లకు పొడుగాటి స్కీ పలకలు కట్టుకుని ఆ అడవిలో మైళ్లకు మైళ్లు జారుకుంటూ పోతారు. అక్కడి వాతావరణం మన కార్తీకం కంటే మాయదారిది. పొద్దున సున్నాకు కింద, మధ్యాహ్నం సున్నాకు పైన, సాయంత్రం మళ్లీ కిందికి. కరిగిన మంచు రాత్రికి గట్టిపడి అద్దం అవుతుంది. ఆ రోజు మంచును బట్టి పలకలకు రాసే మైనం కూడా మారుస్తారు. నాకు నచ్చింది వాళ్ల పద్ధతి. 1883లో పుట్టిన స్కీ సంఘం ఒకటి ఏ బాటలో యంత్రం ఎప్పుడు తిరిగిందో, ఎక్కడ గడ్డకట్టిందో, ఎక్కడ రాయి తేలిందో ముక్కలు ముక్కలుగా చెబుతుంది. “అడవి బాగుంది” అని మొత్తంగా తేల్చదు. జనం అది చూసుకునే ఇల్లు కదులుతారు. నేను స్కీ మీద పడినన్ని సార్లు అలిపిరిలో ఎవరూ పడి ఉండరు, అది వేరే కథ.

గత కార్తీక మార్గశిరాల్లో మా 1985 పదో తరగతి బ్యాచ్ వాళ్లం ఐదుగురం శనివారం శనివారం ఎక్కి ఒక నోటుపుస్తకంలో రాశాం. దారిని ఐదు ముక్కలు చేసుకున్నాం. ఒక్కో ముక్కకు నాలుగే మాటలు: పొడి, తడి, జారుడు, అడ్డం. అడ్డం అంటే కొమ్మో రాయో పడి ఉండడం. ఒకే ఉదయం ఐదు ముక్కలకూ ఒకే మాట రాసిన రోజులు చాలా తక్కువ. జింకల పార్కు దగ్గర బాట పొడి అని రాసిన పూటే మోకాళ్ల మెట్టుకు జారుడు అని రాశాం.

మన బడి గేటు అలిపిరి రోడ్డు మీదే ఉంది. నడకకు వెళ్లేవాళ్లు దాని ముందు నుంచే పోతారు. ఆ గేటుకు ఒక నల్లబల్ల కావాలి. మేడ మీద వాన కొలిచే గాజు గొట్టం ఒకటి పెట్టి, తొమ్మిదో తరగతి పిల్లలు పొద్దున చూసి మిల్లీమీటర్లు రాయాలి. ఊళ్లో ఉండి కొండెక్కే అలవాటున్న పూర్వ విద్యార్థులు దారిలో చూసింది ఫోన్ చేసి చెప్పాలి. తెలుగులో, తమిళంలో రాస్తే చాలు, మన దారిన నడిచేవాళ్లలో తమిళులు తక్కువేం కాదు. బల్ల ఖర్చు, గొట్టం ఖర్చు మా బ్యాచ్‌ది. ప్రధానోపాధ్యాయుల అనుమతి ఒక్కటే ఇక మిగిలింది. ఆయన ఇక్కడే ఉన్నారు, నవ్వుతున్నారు కాబట్టి ఒప్పుకున్నట్టే అనుకుంటున్నాను.

పేర్లు ఇచ్చేవాళ్లు భోజనాల దగ్గర నన్ను కలవండి. వచ్చే అక్టోబరు మొదటి శనివారం మొదలుపెడదాం. గాలిగోపురం దాకా మేం చూసుకుంటాం. మోకాళ్ల మెట్టుకు మాత్రం 2000 తర్వాత చదివిన బ్యాచ్‌ల వాళ్లు కావాలి. మా మోకాళ్ల సంగతి మీరు ఇందాక మేం వేదిక ఎక్కేటప్పుడే చూశారు.