బ్రేకు ముందా, ఇంజిను ముందా?

"రెండు కార్లూ బయట మంచులో పెట్టి, గ్యారేజీలో ఆ డొక్కు ఏమిటండీ?" అని మా ఇంటికి వచ్చిన మిత్రులు చాలామంది అడిగారు. ఈ ప్రసంగం ఆ డొక్కు గురించే.

అది 1947 నాటి విల్లీస్ జీపు. సీజే-2ఏ అంటారు. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యానికి జీపులు చేసిన కంపెనీ, 1945లో అదే బండిని కాస్త మార్చి రైతులకి అమ్మడం మొదలుపెట్టింది. వెనక తలుపు పెట్టారు, హెడ్‌లైట్లు పెద్దవి చేశారు, ముందు జాలీలో తొమ్మిది గాళ్ళు ఏడయ్యాయి. నాలుగు సిలిండర్ల ఇంజిను, 60 గుర్రాల బలం, ఆరు వోల్టుల బ్యాటరీ. మా ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి గంటన్నర లోపే చేరుకోగల టొలీడోలో పుట్టింది. ఆ తర్వాత మహీంద్రావాళ్ళు బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది ఈ విల్లీస్ జీపులనే. మన తాసీల్దారు జీపులూ, ఎన్నికల జీపులూ దీని సంతానమే అన్నమాట.

మా బాపు కరీంనగర్‌లో ఇరిగేషన్ శాఖ జీపు డ్రైవరు. కాకతీయ కాలువ గట్ల మీద ఇంజనీర్లని తిప్పేవాడు. బళ్ళో ఎవరైనా "మీ నాన్న ఏం చేస్తాడు?" అంటే "ఇరిగేషన్‌లో" అని అక్కడితో ఆపేసేవాణ్ణి. ఆ సంగతి ఆయనకి తెలుసని నాకు చాలా ఏళ్ళ వరకూ తెలియదు.

2022లో ఒక రైతు దగ్గర ఈ బండి కొన్నాను. కన్సల్టెంటు ఉద్యోగంలో పొద్దంతా పని చేసినా సాయంత్రానికి చేత్తో పట్టుకుని చూసుకునేది ఏమీ ఉండదు. ఇక్కడ అలా కాదు, విప్పిన బోల్టు విప్పినట్టు కనిపిస్తుంది. ముందు తుప్పుతో సరిపోయింది. డెట్రాయిట్ నగరం కింద వెయ్యి అడుగుల పైచిలుకు లోతులో ఉప్పు గని ఉంది. ఆ ఉప్పే చలికాలం రోడ్ల మీద చల్లుతారు, అదే బళ్ళ అడుగుభాగాన్ని తినేస్తుంది. నా జీపు ఫ్లోరు చేత్తో నొక్కితే పెళుసు అప్పడంలా విరిగింది. ఆ రేకులు మార్పించి, ఇంజిను విప్పి బిగించేసరికి చలికాలం గడిచిపోయింది.

2023 మే నెలలో బాపు వచ్చాడు. గర్వంగా ఇంజిను స్టార్టు చేసి వినిపించాను. ఆయన వినలేదు. లుంగీ పైకి కట్టి, టార్చిలైటు పట్టుకుని బండి కిందికి దూరాడు.

"బ్రేకులు ఎప్పుడు ఇప్పినవ్ బిడ్డా?"

"ఇంకా లేదు బాపూ. పెడల్ గట్టిగానే ఉంది."

"ఇంజిను తర్వాత. బండి ఆగాలె ముందు."

నేను విన్నానా? లేదు. మర్నాడు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని రివర్సులో డ్రైవ్‌వే దిగుతున్నాను. మాది వీధివైపు వాలు. సగంలో బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా ఫ్లోరు దాకా వెళ్ళిపోయింది. రెండోసారీ అంతే. వెనక సైకిలు పట్టుకుని ఆరేళ్ళ మా పాప నిలబడి ఉంది. నాకు హారన్ కూడా గుర్తు రాలేదు. బాపు చెయ్యి డాష్‌బోర్డు కిందికి వెళ్ళి హ్యాండ్‌బ్రేకు లాగేసింది. ఈ బండిలో హ్యాండ్‌బ్రేకు చక్రాలని పట్టదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనకున్న డ్రమ్ముని పట్టి షాఫ్టుని ఆపుతుంది. అందుకే పనిచేసింది. పాప మాత్రం "తాతయ్యా, మళ్ళీ!" అంది.

తప్పు పూర్తిగా నాదే. ఒక వీల్ సిలిండరులో రబ్బరు చచ్చిపోయి బ్రేక్ ఆయిల్ కారిపోయింది. ఆ కాలపు బళ్ళలో నాలుగు చక్రాలకీ కలిపి ఒకటే లైను. ఒక చోట కారితే నాలుగూ పోతాయి.

తర్వాత పది రోజులు బాపుదే రాజ్యం. నాలుగు సిలిండర్లూ, పైపులూ మార్చాం. నట్లన్నీ అంగుళాల లెక్కవి. నేను పానాల పెట్టె వెతుక్కునేలోపు ఆయన నట్టు చూసి సైజు చెప్పేవాడు. లైన్లలో గాలి తియ్యడానికి ఇద్దరు కావాలి. నేను సీట్లో, ఆయన కింద. "కొట్టు... కొట్టు... కొట్టు... పట్టు. ఇడ్వకు!" నేను పెడల్ తొక్కి పట్టుకుంటే ఆయన స్క్రూ వదులు చేసి బుడగలు పోయేదాకా చూసి బిగించేవాడు. మా బాపు దగ్గర నేను పని నేర్చుకోవడం అదే మొదలు.

మాటా మాటా వచ్చింది మాస్టర్ సిలిండరు దగ్గర. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ వేరు వేరు లైన్లుండే సిలిండరు పెట్టమంటాడు. 1960ల చివర్లో అమెరికా కార్లకి అది తప్పనిసరి అయింది. పెడితే బండి అసలు రూపం పోతుందని నేను. పాత బళ్ళ పిచ్చి ఉన్నవాళ్ళకి ఇది చిన్న విషయం కాదండి, ఒక్క బోల్టు మీద కూడా గంటలు వాదించుకుంటారు.

"నీ జీపు నీ ఇష్టం. పిల్లను మాత్రం ఎక్కనియ్య" అన్నాడు.

రెండు లైన్లదే పెట్టాను. సీటు బెల్టులు కూడా. 1947 నాటి సిలిండరు కడిగి, గ్రీజు రాసి అలమారలో దాచాను.

మిషిగన్‌లో పాత బళ్ళకిచ్చే హిస్టారిక్ ప్లేటుతో అప్పట్లో మామూలప్పుడు పెరేడ్లకీ, ప్రదర్శనలకీ తప్ప తిప్పకూడదనేవారు. ఆగస్టు నెలలో మాత్రం ఎక్కడికైనా వెళ్ళే వీలుండేది. ఆ ఆగస్టులో నోవైలో వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళాం. చక్రాల కింద నిమ్మకాయలు బాపే పెట్టాడు.

సెప్టెంబరులో ఆయన వెళ్ళిపోయాడు. ఇప్పటికీ ఫోను చేస్తే మనవరాలి కంటే ముందు "బ్రేక్ ఆయిల్ చూసినవా?" అని అడుగుతాడు. ఈ ఆదివారం చూశాను. గీత దగ్గరే ఉంది.