గట్టున ఏటిపాల

వాగు గట్టున పొదవలె ఎదుగుతున్న లేత ఏటిపాలను చూసి ఎర్రగన్నేరని పలువురు పొరబడతారు. గన్నేరుకు కణుపుకు మూడేసి ఆకులు, ఏటిపాలకు కణుపుకొక్కటే. ఆకు అంచున సన్నని రంపపు పళ్లు, అడుగున బూడిద తెలుపు. పేరులో పాల ఉన్నా తుంచితే పాలు కారవు. కన్నడంలో ఇది నీరవంజి, మరాఠీలో వాళుంజ. సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ దీనికి ‘నాలుగు గింజలది’ అనే అర్థంలో శాస్త్రనామం పెట్టాడు.

దీనిలో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. దూదితో ఎగిరే గింజకు ఆయుష్షు కొద్ది రోజులే. ఆలోగా తడిమట్టి దొరకాలి. గట్టంతా కాంక్రీటైతే అది ఎక్కడ మొలుస్తుంది? కనుక గట్టు శుభ్రపరిచేవేళ ముందుగా ఆకు తిప్పి చూడండి. ఏటిపాల అయితే పెరగనివ్వండి.