మన మాటలు ఎవరి గాదెలో పోస్తున్నాం?

(నిడదవోలులో సంఘం కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం)



మన వెబ్‌సైటులో రైతులు ప్రశ్నలడిగి జవాబులు రాసుకునే చర్చావేదిక పెట్టాలని పోయినసారి అనుకున్నాం. దానికి ఏ సాఫ్ట్‌వేరు మంచిదో చూసే పని నాకు అప్పజెప్పారు. నేను చదివింది పదో తరగతి. ట్రాక్టరు కొనేముందు పదిమందిని అడిగినట్టే దీనికీ అడిగాను. మా మేనల్లుడు కంప్యూటరు ముందు కూర్చోబెట్టి కొన్ని చూపించాడు.

వాట్సాప్ ఉండగా ఇదెందుకండీ అని చాలామంది అన్నారు. న్యాయమైన మాటే. విజ్జేశ్వరం దగ్గర నీళ్ళు ఎప్పుడు వదులుతారు, ఎర్రకాలువ ఎంత ఎత్తున పారుతోంది, ఇలాంటి కబుర్లకు వాట్సాప్‌ని మించింది లేదు. దాన్ని తీసేయమని నేననను.

కానీ నిరుడు సార్వాలో దోమపోటు మీద మన గ్రూపులో రెండు రోజులు మంచి చర్చ జరిగింది. ఏ మందు పనిచేసింది, ఏది డబ్బు దండగ, అన్నీ చెప్పుకున్నాం. ఈ ఏడు అదే ప్రశ్న మళ్ళీ వచ్చింది. పాత జవాబు ఎవరికీ దొరకలేదు. గుడ్ మార్నింగ్ పూలబొమ్మల కింద పూడిపోయింది. ఇక నా సంగతి. చేలో నీళ్ళు నిలిచిన ఫోటోలు నా ఫోనులోనే ఉంచుకున్నాను. ఆ ఫోను కాస్తా బోదెలో పడింది. నష్టం రాయించుకునే వేళకు చూపించడానికి ఒక్క ఫోటో లేదు.

2004లో ట్రిపుల్ ఐటీ హైదరాబాదు వాళ్ళు వరంగల్ జిల్లా పత్తి రైతులతో ఈ-సాగు అని మొదలుపెట్టారు. చేను ఫోటోలు తీసి పంపితే, నిపుణులు ఆ చేను పాత వివరాలు కూడా చూసి సలహా చెప్పేవారు. పాత వివరం పక్కనుంటేనే సలహాకు విలువ.

అన్నిటికంటే పెద్ద సంగతి కౌలు రైతుది. గ్రూపులో మాట్లాడితే ఫోను నంబరు అందరికీ కనపడుతుంది. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద పదకొండు నెలల కార్డు రావాలంటే భూయజమాని సంతకం కావాలి. సంతకం పెట్టడం లేదని కౌలు రైతు గ్రూపులో రాశాడనుకోండి, ఆ యజమానో ఆయన బావమరిదో అందులోనే ఉంటాడు. వచ్చే ఏటికి చేను చెయ్యిజారుతుంది. అందుకని నోరు మెదపడు. మనమేమో ఫిర్యాదులు లేవనుకుంటాం! చర్చావేదికలో అయితే మారుపేరుతో రాయొచ్చు. అయితే అసలు మనిషెవరో దాన్ని నడిపేవాళ్ళకు తెలిసే వీలుంది. కాబట్టి ఆ నడిపేవాళ్ళలో కౌలు రైతులు ఉండి తీరాలి. భూమి ఉన్న మనమే కూర్చుంటే కుదరదు.

ఫేస్‌బుక్‌లో ఊరికే వస్తుంది కదా అన్నవాళ్ళున్నారు. యాహూ గ్రూప్స్ కూడా ఊరికే వచ్చింది. తెలుగు సాహిత్యం మీద మాట్లాడుకునే రచ్చబండ అనే గుంపు అందులో ఉండేది. 2020 డిసెంబరులో కంపెనీ ఆ సేవ మొత్తం మూసేసింది. వాళ్ళ గోడౌను, వాళ్ళ తాళం.

నేను చూసినవాటిలో రెండు నిలబడ్డాయి. రెండూ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లే, కొనక్కర్లేదు. డిస్కోర్స్ చూడ్డానికి బాగుంది, ఫోనులో ఫోటో పెట్టడం తేలిక, వెతకడం సులువు. కానీ దానికి కనీసం ఒక జీబీ మెమరీ ఉన్న సర్వరు అద్దెకు తీసుకోవాలి, లినక్స్ తెలిసినవాడు కనిపెట్టుకుని ఉండాలి. రెండోది పీహెచ్‌పీబీబీ. 2000 సంవత్సరం నుంచి ఉంది. పాతకాలపు సైకిల్లా కనిపిస్తుంది గానీ మామూలు చౌక హోస్టింగులోనే నడుస్తుంది.

నా ఓటు పీహెచ్‌పీబీబీకే. చెడిపోతే బాగుచేసేవాడు మన నిడదవోలులో దొరకాలి. పైగా రేపు డబ్బు సమకూరితే, అందులోని చర్చలన్నీ డిస్కోర్స్‌లోకి మార్చుకునే దారి ఉంది. మేనల్లుడు ఒప్పుకోలేదు, పాత ముఖం చూసి కుర్రాళ్ళు రారంటాడు. అదీ ఆలోచించండి.

రెండిటిలోనూ ఒక ఇబ్బంది ఉంది. చేరడానికి ఈమెయిలు అడుగుతాయి. మనలో ఎంతమంది ఈమెయిలు చూస్తారు? ఊరికొక కుర్రాడో అమ్మాయో కూర్చుని చేర్పించాలి. వాయిస్ మెసేజీలు విని రెండు ముక్కలు తెలుగులో టైపు చేసేదీ వాళ్ళే. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన దోమపోటు తెలుగులో వెతికితే దొరకదు.

వెబ్‌సైటు పేరు మాత్రం సంఘం పేరునే కొనాలి. పాత సైటు ఏమైందో గుర్తుందిగా? ఒక కుర్రాడి పేరున కొన్నాం, అతను ఉద్యోగానికి వెళ్ళాడు, గడువు తీరిన సంగతి ఎవరూ చూడలేదు. అతని తప్పేం లేదు, అడగని తప్పు మాది. నెలకోసారి మొత్తం నకలు తీసి రెండు వేర్వేరు చోట్ల దాచాలి.

ఈ దాళ్వాకు మూడు ఊళ్ళతో పెట్టి చూద్దాం. కోతలు మొదలైతే తేమ శాతం గొడవలే ఎక్కువ వస్తాయి కాబట్టి ముందు ఆ ఒక్క విభాగం తెరుద్దాం. కేంద్రంలో తేమ ఎంత చూపించారు, బస్తాకు ఎంత కోశారు, తేదీతో సహా రాయించాలి. పేర్లు ఇవ్వదలచిన కుర్రాళ్ళు ఈ సమావేశం అవ్వగానే నా దగ్గరికి రండి.