అటకమీది గ్రామఫోను ప్లేట్లు
(సంఘ సర్వసభ్య సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేను సంగీతశాస్త్రము నెరిగినవాడను కాను. రాజేంద్రగంజ్‌లో ధాన్యము, ప్రత్తి బేరములు చేసికొను వర్తకుడను. అయినను ఒక సరకు విలువ దాని యజమానికే తెలియక తూకమునకు పోవుచుండగా చూచి ఊరకుండుట వర్తకునకు సాధ్యము కాదు. మన పాత ఇండ్ల అటకలపై గోనెసంచులలో పడియున్న గ్రామఫోను ప్లేట్లను గూర్చి చెప్పబోవుచున్నాను. పాత ఇండ్లు పడగొట్టి క్రొత్తవి కట్టుచున్న ఈ దినములలో అవి తుక్కు ఇనుముతోపాటు బండి యెక్కుచున్నవి.

ఆ ప్లేట్లు లక్క కలిపి చేసినవి. నిమిషమునకు 78 చుట్లు తిరుగును. పది అంగుళముల ప్లేటున ఒక్కొక్క ప్రక్క మూడు నిమిషములకు కొంచెము పైగా పాట పట్టును. అంతే. రాగమును సాగదీయుటకు వీలులేదు. పల్లవిని వెంటనే అందుకొని, వినువాని మనసున నాటి, ముగింపవలెను. మన దేశమున ఈ ముద్రణము 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ మొదలగువారి పాటలతో ఆరంభమై అరువది యేండ్లకు పైగా సాగినది.

వానిలో మనకు జ్ఞాపకమున్న వెన్ని? ఘంటసాలవారి పుష్పవిలాపము నెరుగనివారు లేరు. సినిమా పాటలు సరే. తక్కినవి? సాలూరి రాజేశ్వరరావుగారినే తీసికొనుడు. 1951లో మల్లీశ్వరికి, 1955లో మిస్సమ్మకు సంగీతము కూర్చినవారని మన పిల్లలు సైతము చెప్పుదురు. ఆయన తానే పాడిన లలితగీతములను, రావు బాలసరస్వతీదేవిగారితో కలిసి పాడిన యుగళగీతములను ఎందరు వినియున్నారు? 1935లో బాలుడుగా శ్రీకృష్ణలీలలు చిత్రమున కృష్ణుని వేషము కట్టి పాడినవాడాయన. సంగీతదర్శకునికి వచ్చిన కీర్తి ఆ గాయకుని కప్పివేసినది. నా మట్టుకు ఆయన కూర్చిన అనేక సినిమా పాటలకంటె ఈ ప్లేట్లే మెత్తగా మనసును పట్టును. పెద్దలు కొందరు నాతో ఏకీభవింపకపోవచ్చును.

శంకరంబాడి సుందరాచారిగారి ‘మా తెలుగు తల్లికి’ గీతము సంగతియు చూడుడు. 1942 నాటి దీనబంధు చిత్రమునకై వ్రాసినదట. నేడు ఆ చిత్రమును తలచువారెవ్వరు? టంగుటూరి సూర్యకుమారిగారు పాడిన రికార్డు మాత్రము ఇంటింట మ్రోగినది. సినిమా దాటి ప్లేటు బ్రతికినది.

ఇక నాటకపద్యములు. కపిలవాయి రామనాథశాస్త్రిగారి వంటి రంగస్థల గాయకుల కంఠములు మనకు దక్కినది ఈ లక్కపైననే. మన పిల్లలు బడిలో కన్నడము, ఇంగ్లీషు చదువుదురు; అది మంచిదే, ఈ నేల మనకు అన్నము పెట్టుచున్నది. కాని తెలుగు వారికి చెవి ద్వారానే రావలెను. పద్యమున మాట యెక్కడ విరువవలెనో, ‘ళ’కారమెట్లు పలుకవలెనో ఆ గాయకుడు మూడు నిమిషములలో చెప్పినంత నేను మూడు నెలలలో చెప్పజాలను.

ఇట్టి ప్లేట్లను కొన్నింటిని తుడిచి పరిశీలింపగా ఒక విషయము గమనించితిని. అందరు మెచ్చిన పాట ఉన్న ప్రక్క ఉక్కుముల్లు రాపిడికి తెల్లబారి, బుసకొట్టుచున్నది. దాని వెనుకప్రక్క, ఎవ్వరును తిప్పి వేయని పాట, నల్లగా నిగనిగలాడుచు ఇప్పటికిని స్పష్టముగా పలుకుచున్నది. పేరు పొందినదానిని మనము అరగదీసితిమి. ఉపేక్షించినది మన ఉపేక్షవలననే నిలిచినది. కావున పేరున్న గాయకుని ప్లేట్లు ఏరుకొని తక్కినవి అమ్మువారు దయచేసి ఆగుడు. ముందు వెనుకప్రక్క వినుడు.

1871లో బొంబాయి, మదరాసు రైలుమార్గములు మన రాయచూరులోనే కలిసినవి. రెండు దిక్కుల సరకును మనకు చేరినది. తెలుగు ప్లేట్ల నడుమ మరాఠీ, కన్నడ, ఉర్దూ ప్లేట్లు కనబడినచో పరాయివని పారవేయవలదు. మీ తాతగారు డబ్బిచ్చి కొన్నవే కదా!

జాగ్రత్తలు కొన్ని. స్పిరిటుతో తుడువరాదు, లక్క కరగిపోవును. మెత్తని తడిగుడ్డ చాలును, నడిమి చీటీ మాత్రము తడియరాదు. ఒకదానిపై నొకటి పేర్చక నిలువుగా నుంచుడు. తరువాతి కాలపు పెద్ద ప్లేట్ల ముల్లు వీనికి పనికిరాదు. ఈ గాడి వెడల్పైనది.

వచ్చు ఆదివారము నుండి ప్రతి ఆదివారము ఉదయము సంఘ కార్యాలయమున తగిన ముల్లుగల యంత్రము నొకటి సిద్ధముగా నుంచెదము. ప్లేటు మీది, మీకే తిరిగి యిచ్చెదము. రెండు ప్రక్కల పాటలను కంప్యూటరు లోనికెక్కించి, మీ ఫోనులోనికి ఒక ప్రతి పంపెదము. వృద్ధులున్న ఇంటికి మన యువకులే వచ్చి తీసికొనిపోవుదురు. పగిలిన ప్లేటునైనను పారవేయక తెండు. నడిమి చీటీపై గాయకుని పేరును, సంఖ్యయు నుండును. మరొక ఇంటి అటకపై దాని జత దొరకినప్పుడు పోల్చుకొనుటకు అది చాలును.