కొత్త కుండలో పానకం

(ఉగాది సభలో చేసిన ప్రసంగం)



ఉగాదినాడు వేదిక ఎక్కినవారు పంచాంగమో పద్యమో అందుకోవడం వాడుక. మేము ఆ రెంటికీ తగినవాళ్లం కాము. "ఇంటికి పనికివచ్చే సంగతి ఏదైనా చెప్పండి, చాలు" అని కార్యదర్శిగారు సెలవిచ్చిన మీదట, పానకం గురించి నాలుగు మాటలు చెబుదామని వచ్చినాము. వెనుక వరుసలో నవ్వు వినబడుతున్నది. బెల్లం నీళ్లలో వేస్తే పానకం, దీనికి ప్రసంగం ఎందుకని కదా? కిందటేడు శ్రీరామనవమికి మనమే ఏమి చేసినామో మరచిపోయినట్టున్నారు.

మరచినవారి కోసం చెబుతున్నాము. నవమినాడు ఊరేగింపు చూడవచ్చేవారికి పంచాలని, ముందునాటి రాత్రి ఏడు గంటలకే పెద్ద డ్రమ్ము నిండా పానకం కలిపి, నిమ్మకాయలు పిండి, మూత బిగించి, తెల్లవారితే పని తేలిక అవుతుందని సంతోషంగా పడుకున్నాము. కలిపినవాళ్లలో మేమూ ఉన్నాము. తప్పు మరొకరి మీదికి నెట్టడం లేదు. మన షోలాపురం ఎండ మీకు తెలియనిది కాదు. చైత్రంలో రాత్రిపూట కూడా గోడలు సెగ కక్కుతూనే ఉంటవి. మరునాడు మధ్యాహ్నం మూత తీసేసరికి బుస్సుమని నురుగు పైకి వచ్చినది. వాసన మరొక రకంగా ఉన్నది. పక్కనే నిలబడిన ముసలి నేతగాడొకాయన గరిటెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకొని, "గిది రాముని పానకం కాదు, రావణుని పానకం" అని తేల్చినాడు. డ్రమ్మంతా మోరీలో పోసి, ఊరేగింపు వచ్చే వేళకు ఉత్త మంచినీళ్లు ఇచ్చి పంపినాము.

జరిగినది ఏమంటే, బెల్లంలోను, గాలిలోను, పాత్రల అంచులలోను ఈస్టు అనే కంటికి ఆనని జీవులు ఉంటవి. నీళ్లలో కరిగిన తీపి, దానికి తోడు వెచ్చదనం దొరికితే అవి ఆ తీపిని తిని ఒక వంక సారాయిని, మరొక వంక బొగ్గుపులుసు వాయువును వదులుతవి. నురుగు ఆ వాయువుది, వాసన ఆ సారాయిది. గుడుంబా కాచేవారు చేసే మొదటి పని కూడా ఇదే. బెల్లం నీళ్లను కుండల్లో మురగబెట్టి, ఆ మీదట పొయ్యి ఎక్కించి ఆవిరిని పట్టుకుంటారు. పానకానికీ గుడుంబాకూ మొదలు ఒక్కటే. నడుమ ఉన్నదల్లా కొన్ని గంటలు, కొంత అశ్రద్ధ.

ఈ మాట అంటున్నప్పుడు మా ఇల్లు జ్ఞాపకం వస్తున్నది. మా పూర్వులు కరీంనగరం వైపు నుంచి మగ్గాన్ని నమ్ముకొని ఈ ఊరు వచ్చినవారు. ఇక్కడ కూర్చున్న పెద్దలలో చాలామంది కథ కూడా ఇదే. మా బాపు కార్ఖానాలో మరమగ్గం నడిపేవాడు. పొద్దు కుంకే వేళ పని దిగి ఇంటికి వచ్చే దారిలో ఆయన ఆగే చోటు ఒకటి ఉండేది. ఎటువంటి చోటో చెప్పనక్కరలేదు. మా బాపమ్మ ఆ విషయమై కొడుకుతో ఏనాడూ తగవు పెట్టుకోలేదు. ఎండకాలమంతా కొత్త కుండలో పానకం కలిపి, చెంబుడు పట్టుకొని కార్ఖానా గేటు దగ్గరికే పోయి నిలబడేది. "గిది తాగు బిడ్డా. తాగినంక నీ ఇష్టం" అనేది. తోటివాళ్లు నవ్వుతున్నా ఆయన గటగట తాగేవాడు. కొన్నినాళ్లు అటునుంచి అటే ఇంటికి వచ్చేవాడు, కొన్నినాళ్లు వచ్చేవాడు కాదు. పానకం ఆయన చేత తాగుడు మాన్పించినదని మేము చెప్పము, మాన్పించలేదు. తాగుడు రోగమైనవారికి వైద్యుడు కావలె, పానకం చాలదు. కాని పది గంటలు చెమటలో నిలబడి బయటికి వచ్చిన మనిషి, మొదట ఏది చేతికి అందితే అదే తాగుతాడని ఆమె కనిపెట్టినది. ఆయన తిన్నగా ఇంటికి వచ్చిన రోజున మేమందరం ఒక్క పంక్తిలో కూర్చుని అన్నం తినేవాళ్లం. అటువంటి రోజులు మాకు ఇప్పటికీ విడిగా గుర్తున్నవి.

ఇక కలిపే విధానం. పండుగ పానకానికి మన ఇళ్లలో లీటరు నీళ్లకు 100 గ్రాములకు తక్కువ కాకుండా బెల్లం వేస్తారు. చేయి పెద్దదైతే 150 దాకా పోతుంది. ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవలె. 100 గ్రాముల లెక్కన పావు లీటరు గ్లాసులో 25 గ్రాముల బెల్లం పడుతుంది. బజారులో అమ్మే కోలా నీళ్లలోనూ ఇంచుమించు అంతే తీపి ఉంటుంది. బెల్లం గనుక బలమని, పిల్లలకు మూడేసి గ్లాసులు పోసి మురిసిపోవడం తగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన ప్రకారం, విడిగా కలుపుకొనే తీపి రోజు మొత్తం మీద 25 గ్రాములకు లోపు ఉంటే పెద్దలకు మేలు. కాబట్టి నవమినాటికి పాత కొలతే ఉండనిచ్చి, రోజువారీ దప్పికకు లీటరుకు 60 గ్రాములు చాలించుకోండి. నాలుగైదు రోజులు చప్పగా తోస్తుంది, తరువాత నాలుకే అలవాటు పడుతుంది. మధుమేహం ఉన్నవారికి ఈ కొలత కూడా వద్దు. వారికి అల్లం, కరివేపాకు నలిపి వేసిన పలుచని మజ్జిగ ఉన్నది.

బెల్లాన్ని కాచి చల్లార్చిన నీళ్లలో నానవేసి, కరిగినాక పలుచని గుడ్డలో వడగట్టండి. అడుగున మిగిలే ఇసుక, చెరకు పీచు చూస్తే వడగట్టమని ఎందుకు అంటున్నామో తెలుస్తుంది. పసుపుపచ్చగా మెరిసే బెల్లం చూసి మోసపోకండి. ఆ రంగు కోసం హైడ్రోసు అనే మందు వేస్తూ ఉంటారు. నల్లగా, ముతకగా ఉన్నదే ఏరుకోండి. లీటరుకు పది మిరియపు గింజలు కచ్చాపచ్చాగా దంచి, మూడు ఏలకులు, చిటికెడు శొంఠి, రెండు చిటికెల ఉప్పు వేయండి. నాలుగు తులసి ఆకులు వేస్తే వాసన బాగుంటుంది. నిమ్మరసం మాత్రం తాగబోయే ముందు పిండవలె, లేకుంటే చేదెక్కుతుంది. కళాయి పోయిన ఇత్తడి బిందెలో పులుపు తగిలిన పానకం ఎంతమాత్రం ఉంచరాదు. రాగి దిగి కడుపులో తిప్పుతుంది. స్టీలు పాత్ర గాని, మట్టి కుండ గాని మేలు.

ఉప్పు ఎందుకని కొందరు అక్కలు అడుగుతూ ఉంటారు. చెమటతో పోయేది నీరొక్కటే కాదు, ఉప్పు కూడా. పైగా కొద్ది తీపి, కొద్ది ఉప్పు కలిసి ఉంటే పేగు నీటిని తొందరగా లోపలికి లాగుకుంటుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చి, ఎక్కించడానికి సెలైను చాలనప్పుడు, డాక్టరు దిలీప్ మహాలనబీస్ ఈ సూత్రం మీదనే గ్లూకోజు, ఉప్పు కలిపిన నీళ్లు నోటి ద్వారా తాగించి ఎన్నో ప్రాణాలు నిలిపినాడు. అంతమాత్రాన వాంతులు, విరేచనాలు పట్టుకున్న పిల్లవాడికి పానకం పోయకండి. ఆ నీళ్ల కొలత వేరు. మందుల దుకాణంలో దొరికే ఓ.ఆర్.ఎస్. పొట్లమే కలపవలె. రక్తపోటు ఉన్నవారు ఉప్పు వదిలివేయండి.

చల్లదనానికి మంచుగడ్డ కొనవద్దు. అది ఏ నీళ్లతో చేసినారో, దేనికోసం చేసినారో మనకు తెలియదు. ఈ ఉదయం మీ ఇళ్లలో పచ్చడి కలిపిన కొత్త కుండ ఉన్నది కదా? మన తెలంగాణపు వాడుక ప్రకారం చింతపండు పులుసు, బెల్లం, మామిడి ముక్కలు, వేపపువ్వు వేసి, గ్లాసులతో ముంచి తాగినాము. మన సమాజంలోని కోస్తా జిల్లాల మిత్రులు దానినే చిక్కగా చేసి అరచేతిలో పెట్టుకుంటారు. మేము తాగితే వారికి వింత, వారు నాకితే మాకు వింత. ఆ కుండను అటకెక్కించకండి. శుభ్రంగా కడిగి, తడి ఇసుక మీద గాలి తగిలేచోట పెట్టి, చుట్టూ తడిగుడ్డ కట్టండి. కుండ చెమర్చి ఆ తడి ఆరిపోతూ లోపలి వేడిని లాగుకొని పోతుంది. ఊరి గాలి ఎంత పొడిగా ఉంటే కుండ అంత చల్లబరుస్తుంది. మనది పొడి గాలి, అదొక్కటి మన అదృష్టం. బొంబాయిలోను, యానాంలోను ఉన్న మన బంధువులకు సముద్రపు తేమ వల్ల ఈ సుఖం అంతగా లేదు.

మంగళగిరిలో పానకాల నరసింహస్వామికి పోసిన పానకంలో మిగిలినది భక్తులకే తిరిగి ఇస్తారు. ఒరిస్సాలోని మనవాళ్ల ఇరుగుపొరుగువారు ఏప్రిల్ నడుమ పణా సంక్రాంతి చేసుకుంటారు, మారేడు గుజ్జుతో. ఇక్కడి మరాఠీ అక్కయ్యలు ఉడికించిన పచ్చిమామిడితో పన్హే చేస్తారు. ఆ పన్హే నేర్చుకొని రండి, బదులుగా పానకం నేర్పి రండి.

మా కోరిక ఒకటే. పానకం నవమినాడు ఉద్ధరిణెడు తీర్థంగా ఆగిపోకుండా కార్ఖానాలకు చేరవలె. పత్తి నూలుకు తేమ కావలెనని, తెగరాదని తలుపులు వేసిన షెడ్లలో మే నెల మధ్యాహ్నాలు ఎట్లా ఉంటవో, మగ్గం నడిపినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. కార్ఖానా యజమానులు కొందరు ఈ సభలోనే ఉన్నారు. ఎండ ముదిరిన రోజుల్లో పదకొండు గంటలకు ఒకసారి, మూడు గంటలకు ఒకసారి, అప్పటికప్పుడు కలిపిన కుండ ఒకటి తలుపు దగ్గర పెట్టించండి. ఖర్చు ఎంతో బెల్లం వర్తకుణ్ణి అడిగి లెక్క కట్టి తెచ్చినాము, కావలసినవారికి చూపిస్తాము. పని దిగే వేళకు ఇంకొక కుండ పెట్టగలిగితే మా బాపమ్మ మాదిరి గేటు దగ్గర నిలబడే ముసలమ్మలకు ఆ నడక తప్పుతుంది.

ఈ ఏడు నవమికి రాత్రి కలపడం లేదు. ఉదయం తొమ్మిదికి మొదలుపెట్టి గంటకొక బిందె చొప్పున కలుపుతాము. నిమ్మకాయలు పిండడానికి ఆరుగురు కావలె. పేర్లు ఇవ్వదలచినవారు సభ ముగిసినాక మమ్ములను కలవండి. వెనుక వరండాలో రెండు కుండలు ఉన్నవి. సాయంత్రం నాలుగు గంటలకు కలిపినాము, ఏడులోగా ఖాళీ చేయవలె. గ్లాసులు తక్కువగా ఉన్నవి. తాగినవారు కడిగి పక్కవారికి అందించండి.