మూత మారిస్తే సరిపోతుందా?



అమెరికాలోని ఒహైయోలో, ఈరీ సరస్సు ఒడ్డున డేవిస్-బెస్సీ అణు విద్యుత్కేంద్రం ఉంది. 2002 మార్చిలో అక్కడి రియాక్టర్ మూతకు మరమ్మతు చేస్తుంటే అందులోని ఒక గొట్టం పక్కకు ఒరిగింది. ఎందుకా అని చూస్తే, 6 అంగుళాలకు పైగా మందమున్న ఉక్కును బోరిక్ ఆమ్లం తినేసి గొయ్యి చేసింది. రియాక్టర్ నడిచేటప్పుడు లోపలి నీటి పీడనం వాతావరణ పీడనానికి దాదాపు 150 రెట్లు. ఆ చోట దాన్ని ఆపింది అర అంగుళమైనా లేని స్టెయిన్‌లెస్ స్టీలు పొర ఒక్కటే!

ఇది రాత్రికి రాత్రి జరిగింది కాదు. గాలిలో రేడియోధార్మికతను కొలిచే పరికరాల ఫిల్టర్లు తుప్పు పొడితో పదేపదే పూడుకుపోయేవి. సిబ్బంది మార్చేవారు, మళ్లీ పూడేవి. పొడి ఎక్కణ్ణుంచి వస్తోందన్న ప్రశ్న మాత్రం చివరిదాకా వెళ్లలేదు. నేడు ఇంజనీరింగ్ పట్టాలు అందుకుంటున్న మీలో ఒకరిద్దరైనా రేపు అలాంటి షిఫ్టులోనే ఉంటారు.

ప్రభుత్వం తరఫున చూడాల్సిన అణు నియంత్రణ సంస్థ ఎన్‌ఆర్‌సీ కూడా మెత్తబడింది. 2001 డిసెంబరు 31కల్లా రియాక్టర్ ఆపి తనిఖీ చేయాలని ఆదేశం సిద్ధం చేసుకుంది. కేంద్రాన్ని నడిపే కంపెనీ గడువడిగితే ఫిబ్రవరి 16 దాకా ఇచ్చింది. ఆ నిర్ణయంలో కంపెనీకి వచ్చే నష్టాల లెక్క కూడా ఉందని సంస్థ సొంత ఇన్‌స్పెక్టర్ జనరలే తేల్చారు.

ఆపడంలో తడబడ్డ ఎన్‌ఆర్‌సీ, తిరిగి నడపనివ్వడంలో పట్టు సడలించలేదు. మిషిగన్‌లో నిర్మాణం మధ్యలో ఆగిపోయిన మిడ్‌లాండ్ కేంద్రం నుంచి, ఎన్నడూ వాడని మూతను కంపెనీ కొనితెచ్చి బిగించింది. లోహం సంగతి తేలింది. మరి ఫిల్టర్ మార్చి ఊరుకునే అలవాటు సంగతి? దానికోసం ఎన్‌ఆర్‌సీ ప్రత్యేక పర్యవేక్షణ బృందం కూర్చుంది. కింది ఉద్యోగి లోపం చెప్పగలుగుతున్నాడా, చెబితే పైవాళ్లు వింటున్నారా అని ఆరా తీసింది. వెల్డింగును పరీక్షించినంత సులువు కాదది. కేంద్రం ఆగి ఉన్న ఆ రెండేళ్లలోనే అత్యవసర శీతలీకరణ పంపుల్లో మరో లోపం బయటపడింది.

2004 మార్చి 8న అనుమతి వచ్చింది, షరతుతో: ఐదేళ్లపాటు ఏటా బయటి నిపుణులు వచ్చి ఆ పని సంస్కృతిని పరీక్షించాలి. మరుసటి ఏడాది 54.5 లక్షల డాలర్ల జరిమానా కూడా పడింది.

2010లో ఆ మారు మూత గొట్టాల్లోనూ పగుళ్లు కనిపించాయి. ఈసారి 2011 అక్టోబరు 1కల్లా రియాక్టర్ ఆపి మరో మూత వేస్తామని కంపెనీ నుంచి ఎన్‌ఆర్‌సీ ముందే మాట తీసుకుంది.