వైద్యవిద్యకు ముందు రోగిపరిచర్య



మన బాలబాలికలలో కొందరు నేడు అమెరికాదేశమున ఫిజీషియన్ అసిస్టెంటు విద్య నభ్యసింప గోరుచున్నారు. వీరు వైద్యునితో గూడి రోగిని పరీక్షించి, రోగము నిర్ణయించి, ఔషధములు వ్రాయువారు. ఈ విద్య 1965వ సంవత్సరమున డ్యూకు విశ్వవిద్యాలయమున డాక్టరు యూజీన్ స్టెడ్ గారిచే నారంభింపబడినది. మొదటి తరగతి విద్యార్థులు నలుగురును నౌకాదళమున రోగులకు శుశ్రూష చేసి వచ్చినవారే. కావున పరిచర్యయే ఈ విద్యకు పునాది.

నేటికిని పెక్కు పాఠశాలలు రోగులచెంత పనిచేసిన గంటల లెక్క నడుగుచున్నవి. కొన్ని 500, కొన్ని 1000, మరికొన్ని 2000 గంటలు కోరును, కోరనివియు గలవు. నర్సింగ్ అసిస్టెంటై రోగిని లేపి కూర్చుండబెట్టుట, స్నానము చేయించుట, మలమూత్రము లెత్తుట, అంబులెన్సులో పోయి ప్రథమచికిత్స చేయుట, ఇట్టివి పరిచర్య. ఆసుపత్రి కార్యాలయమున కాగితములు సర్దుట పరిచర్య గాదు; దరఖాస్తున దానిని వేరుగా వ్రాయవలయును. నర్సింగ్ అసిస్టెంటు శిక్షణకు అచ్చటి కేంద్రశాసనము కనీసము 75 గంటలు విధించినది. కొన్ని రాష్ట్రములు హెచ్చుగా కోరును. విద్యార్థి వీసాపై పోవువారికి ఇష్టము వచ్చినచోట జీతమునకు పనిచేయు ననుమతి లేదు గనుక, వారు ముందే పాఠశాలవారి నడిగి తెలిసికొనవలయును.

"పట్టభద్రుడైన మా కుమారుడు పరులమలము నెత్తుటయా?" యని కొందరు తల్లిదండ్రులు వెనుకాడుచున్నారు. చరకసంహిత వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి యని చికిత్సకు నాలుగు పాదములు చెప్పినది. పరిచారకునకు దక్షతయు, శుచిత్వమును, రోగియం దనురాగమును వలయు ననినది. వైద్యునకు సైతము శాస్త్రజ్ఞానముతో బాటు చికిత్సను పలుమారు కన్నులార చూచిన యనుభవము విధించినది. ఒక పాదమును నీచమని తలచిన చికిత్స కుంటువడును. మలమెత్తినవారిని తరతరములుగా ఊరివెలుపల నుంచిన దేశము మనది. ఆ దురభిమానము బిడ్డలతోగూడ సముద్రము దాటరాదు. పక్షవాతము వచ్చిన అత్తకు చీర మార్చిన కోడలిని పుణ్యాత్మురాలందుము. అదే పని పరాయి వృద్ధురాలికి చేసిన బిడ్డకు చిన్నతన మెక్కడిది?

మరియొక మాట. చుట్టమైన వైద్యునిచే చేయని గంటలకు సంతకము చేయించుకొనుట చౌర్యము. గంటలను దొంగిలింపవచ్చును గాని, మూల్గుచున్నవాని ముఖము చూచి బాధ గుర్తించు నేర్పును దొంగిలింపలేము. ఆ లోపమునకు మూల్యము చెల్లించువాడు రేపటి రోగి.

కావున దాతలకు నా విన్నపము: కళాశాల రుసుములకే గాక, పరిచారకశిక్షణకును మన విద్యానిధినుండి కొంత ద్రవ్యము కేటాయింపుడు. తల్లిదండ్రులారా! బిడ్డ రోగిశయ్యచెంత గడపిన యేడాదిని వృథాపోయిన యేడాదిగా నెంచకుడు. చదువు అచ్చటనే మొదలైనదని సంతసింపుడు.

స్వస్తి.